ఎస్కలాడోలో ఎప్పుడూ ఎర్ర గుర్రమే గెలుస్తోంది, దాన్ని అరగదీయవచ్చా?

పాతసామాను (బర్మింగ్‌హామ్):
దీపావళికీ క్రిస్మస్ సెలవులకూ బంధువులు చేరితే మా ఇంట్లో ఎస్కలాడో బల్లెక్కుతుంది. తెలియనివారి కోసం: బల్ల పొడవునా గుడ్డ బాట బిగించి, చివరనున్న పెట్టె పిడి తిప్పాలి. గుడ్డ దడదడలాడుతుంది, బొమ్మ గుర్రాలు దారిలోని బొడిపెలకు తగులుకుంటూ ముందుకు జరుగుతాయి. ఆర్థర్ గెడాన్ అనే స్విట్జర్లాండ్ వాసి ఆలోచన, 1929 నాటి పేటెంటు, తయారుచేసింది మా ఊరి బొమ్మల కంపెనీ చాడ్ వ్యాలీ. మాది సీసపు గుర్రాల పాత పెట్టె. చిక్కేమిటంటే, అయిదింటిలో ఎర్రదే పదికి నాలుగైదు పందాలు కొట్టుకుపోతోంది. పిల్లలు పసిగట్టి బిళ్ళలన్నీ దానిమీదే కాస్తున్నారు. దాని అడుగును ఆకురాయితో కాస్త రుద్దుదామనుకుంటున్నాను. తప్పంటారా?

లెస్టర్ అత్తయ్య:
ముందు ఆ ఆకురాయి కింద పెట్టు నాయనా. సీసం రాలిన పొడి ఊపిరిలోకి, పిల్లల నోటిలోకి వెళితే ఏమవుతుందో తెలుసా? పైన పూసిన పాత రంగునూ నమ్మలేం. గుర్రాన్ని ముట్టుకున్న చేతులు కడుక్కోనిదే మా ఇంట్లో లడ్డూ పెట్టను.

మలక్‌పేట మాజీ:
అత్తయ్యగారి మాట సరే, నా అభ్యంతరం వేరు. ఏది గెలుస్తుందో పసిగట్టడమే కదా పందెం! హైదరాబాదులో మా నాన్నగారు ఆదివారం పొద్దున్నే పందాల పుస్తకం ముందేసుకుని చేసింది అదే. గుర్రప్పందాల్లో ప్రధానమైనది నైపుణ్యమని 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టే అంది. తెలివిగా కాసిన పిల్లలకు ఇదా శిక్ష?

సందేహం సుబ్బారావు:
ఆ తీర్పు గుర్రం శిక్షణను, జాకీ పనితనాన్ని చూసి ఇచ్చింది. సీసపు ముద్దకు శిక్షణ ఎవరిచ్చారు? పిడి తిప్పే బావగారిని జాకీ అందామా అంటే, ఆయన ఊపు అయిదింటికీ ఒకటే. గెలుపు ముందే తెలిసిపోయే ఆటలో ఇక ఉత్కంఠ ఎక్కడ? సరిచేయాల్సిందే. కాని అసలు తప్పు గుర్రానిదేనా? వరస మార్చి చూశారా?

పాతసామాను:
అప్పటికి చూడలేదండీ. మీరన్నాక రాత్రి చూశాను. ఎర్రదాన్ని గోడవైపు వరసకు మార్చి ఇరవై పందాలు నడిపాను, మూడుసార్లే గెలిచింది. దాని పాత వరసలో నిలబెట్టిన పచ్చది మాత్రం రెక్కలొచ్చినట్టు పోయింది! కిటికీవైపు గుడ్డ బిగువు ఎక్కువ, బల్ల కూడా కాస్త వాలుగా ఉంది. బల్ల కాలి కింద మడతపెట్టిన అట్ట పెట్టి, గుడ్డను మళ్ళీ బిగిస్తాను.

మలక్‌పేట మాజీ:
చూశారా, అనవసరంగా గుర్రాన్ని కోసేవారు. నా మాట వింటే అట్ట కూడా వద్దు. పందెం ముందు వరసలను వేలం వేయండి. కిటికీవైపు వరస కావాలన్నవాడు ఎక్కువ బిళ్ళలు పోస్తాడు.

సందేహం సుబ్బారావు:
పిల్లల ఆటలో వేలమా! బిళ్ళలు ఎక్కువున్న పిల్లవాడిదే మంచి వరస అవుతుంది. చీటీలు తీయించండి, పందెం పందానికీ.

లెస్టర్ అత్తయ్య:
వేలమో చీటీలో మీరే తేల్చుకోండి. రాత్రి ఇరవై పందాలు నడిపాక చేతులు కడుక్కున్నావా?