అమ్మానాన్నలతో వారాంతం: బ్లెడ్ వద్దు, బోహిన్ సరస్సు దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం. ఎక్కడ దిగాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్న జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా (ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగొచ్చు) మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. కోటలు, మ్యూజియాలు చూడటం అయింది. “ఇంక తిరగడం చాలు, ఎక్కడైనా నీళ్ల పక్కన రెండు రోజులు కూర్చుందాం” అంటున్నారు నాన్న. స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు కంటే బోహిన్ ప్రశాంతంగా ఉంటుందని విన్నాం. సెప్టెంబరులో శుక్రవారం బయల్దేరి ఆదివారం తిరిగి రావాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఇద్దరూ మాంసం ముట్టరు. ఏ ఊళ్లో గది తీసుకోవాలి? కారా, రైలా? స్లొవేనియాకి వేరే వీసా కావాలా?

జవాబు 1

ముందు వీసా సంగతి. స్లొవేనియా 2007 నుంచి షెంగెన్‌లోనే ఉంది, అదే ఏడాది యూరో కూడా వచ్చింది. మీ వాళ్ల వీసా చెల్లుబాటులో ఉండి, షెంగెన్‌లో ఉండనిచ్చే 90 రోజుల లెక్క దాటకపోతే వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టులు మాత్రం పెట్టెలో అడుగున కాకుండా చేతికందేలా ఉంచుకోండి. షెంగెన్ లోపలే అయినా ఆస్ట్రియా సరిహద్దుల్లో ఆపి చూస్తుంటారు. తిరుగు ప్రయాణంలో జర్మనీలోకి వచ్చేటప్పుడు మరీను. మీ రెసిడెన్స్ పర్మిట్ కూడా వెంట ఉండాలి.

జవాబు 2

మీ నాన్నగారి మాట విన్నాక బోహినే సరైనదనిపిస్తోంది. బ్లెడ్ అందంగానే ఉంటుంది కానీ బస్సుల నిండా జనం దిగుతుంటారు. అక్కడికి 26 కిలోమీటర్ల దూరంలో త్రిగ్లావ్ జాతీయ పార్కులో ఉంటుంది బోహిన్. పొడవు నాలుగు కిలోమీటర్ల పైనే, వెడల్పు కిలోమీటరు. పెట్రోలు పడవలకి అనుమతి లేదు, అందుకే ఆ నిశ్శబ్దం.

ఊరి ఎంపిక దగ్గరే అసలు విషయమంతా ఉంది. “బోహిన్” అని వెతికితే బోహిన్‌స్కా బిస్ట్రిత్సాలో గదులు చవగ్గా కనిపిస్తాయి. రైలు స్టేషనున్న ఊరు అది, సరస్సుకి ఆరు కిలోమీటర్ల దూరం. పెద్దవాళ్లతో వెళ్లి ప్రతిసారీ బస్సు కోసం చూస్తూ నిలబడటం దేనికి? పడమటి చివరున్న ఉకాంత్స్ అడవిలో ఉన్నట్టుంటుంది, చాలా ప్రశాంతం. కానీ సాయంత్రమైతే తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. తూర్పు చివర రిబ్చెవ్ లాజ్ అయితే నీళ్ల ఒడ్డునే ఉంటుంది. బస్సు స్టాపు, దుకాణం, పడవల రేవు అన్నీ నడక దూరమే. అమ్మగారి మోకాళ్లు గుర్తు పెట్టుకుంటే నా ఓటు దానికే. పక్కనే ఉన్న స్టారా ఫుజినా ఇంకా ముచ్చటైన పల్లె, నాకైతే అదే ఇష్టం. కాకపోతే సరస్సు దాకా కాస్త నడవాలి.

గది తీసుకునేటప్పుడు రెండు అడగండి: లిఫ్టుందా లేక కింది అంతస్తు దొరుకుతుందా, వంటగది ఉందా. అక్కడి ఇళ్లలో పై గదులకి నిటారు చెక్కమెట్లుంటాయి, ఫొటోల్లో అవి కనబడవు.

జవాబు 3

కారా, రైలా అన్నారు కదా. ఈ ఒక్క వారాంతానికి కారే. మ్యూనిక్ నుంచి దారి సాఫీగా ఉంటే నాలుగున్నర, అయిదు గంటలు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా బయటపడండి, సాయంత్రమైతే సాల్జ్‌బుర్గ్ వైపు రోడ్డంతా ఆగిపోతుంది. ఆస్ట్రియా విన్యెట్ (మోటర్‌వేల మీద వెళ్లడానికి కొనే పాస్) ఒకటి, స్లొవేనియా విన్యెట్ ఇంకొకటి, రెండూ ముందే కొనాలి. స్లొవేనియాలో కార్లకి వారం కంటే తక్కువ కాలానికి ఇవ్వరు. ఆస్ట్రియాలోని తవెర్న్ మోటర్‌వేకి, అక్కణ్నుంచి స్లొవేనియాలోకి దాటించే కారవాంకెన్ సొరంగానికి టోలు విడిగా కట్టాలి, విన్యెట్‌లో అవి రావు. చాలామంది పొరబడేది ఇక్కడే.

రైల్లో అయితే ఆస్ట్రియాలోని విల్లాఖ్ మీదుగా స్లొవేనియాలోని యెసెనిత్సే వెళ్లి, అక్కడ బిస్ట్రిత్సా వైపు వెళ్లే చిన్న రైలు పట్టుకోవాలి. 1906లో వేసిన కొండ లైను, కిటికీ పక్క కూర్చుంటే దిగబుద్ధి కాదు. కానీ ఆ రైళ్లు అరుదు. ఒకటి తప్పితే స్టేషన్లోనే పూట గడిచిపోతుంది.

చేరాక మాత్రం కారు తీయకండి. పార్కింగ్ కోసం వెతకడంలోనే సగం ప్రశాంతత పోతుంది. రెండు రాత్రులుంటారు కాబట్టి అతిథుల కార్డు వస్తుందేమో గది ఇచ్చేవాళ్లని అడగండి, బస్సులకి పనికొస్తుంది.

మళ్లీ ప్రశ్న

చాలా థాంక్సండీ అందరికీ. రిబ్చెవ్ లాజ్ ఖాయం చేస్తున్నాం. సావిత్సా జలపాతం తప్పకుండా చూడాలంటున్నారు, అమ్మ చూడగలదా? ఇంకా తిండి సంగతి ఎవరూ చెప్పలేదు.

జవాబు 2

సావిత్సా వద్దండీ. 78 మీటర్ల జలపాతం, చూడదగ్గదే, కానీ దానికి ఐదొందలకి పైగా మెట్లు. ఎక్కడం ఎలాగో ఎక్కినా దిగడం మోకాళ్లకి ఇంకా కష్టం. దాని బదులు శనివారం పొద్దున వోగెల్ కేబుల్ కారు ఎక్కించండి. కొద్ది నిమిషాల్లో 1,535 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. కింద సరస్సంతా, ఎదురుగా మబ్బు లేకపోతే 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరం. ఆకాశం తేటగా ఉన్నప్పుడే టికెట్ కొనండి, మబ్బులో వెళ్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. మధ్యాహ్నం రిబ్చెవ్ లాజ్ నుంచి ఉకాంత్స్‌కి కరెంటు పడవ ఉంది, దాదాపు అరగంట. చప్పుడు లేకుండా పోతుంది, అమ్మగారికి అడుగు తీసే పనుండదు.

మిగతా పొద్దంతా ఖాళీగా వదిలేయండి. సెయింట్ జాన్ చర్చి పక్కన రాతి వంతెన ఉంది, సరస్సు నీళ్లు బయటికొచ్చేది దాని కిందనుంచే. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అంత తేట. చర్చి బయటి గోడ మీద సెయింట్ క్రిస్టఫర్ పాత కుడ్యచిత్రం చూపించండి. ఓపికుంటే ఉత్తరపు గట్టు వెంట అడవి బాటలో కాసేపు నడిచి వెనక్కి రండి. చుట్టూ తిరిగి రావాలంటే మాత్రం పన్నెండు కిలోమీటర్లు. దయచేసి “పనిలో పని” అని రాజధాని ల్యుబ్ల్యానా కలపకండి.

జవాబు 4

తిండి గురించి నేను చెప్తాను, మా ఇంట్లోనూ శాకాహారమే. మెనూలో ష్గాంత్సి కనిపిస్తుంది, బక్‌వీట్ (ధాన్యంలా వాడే ఒక గింజ) పిండి ముద్ద. పైన పందికొవ్వు వేయించి చల్లుతారు, కాబట్టి అది లేకుండా ఇమ్మని ముందే చెప్పండి. యోతా అనే సూప్ చూడ్డానికి క్యాబేజీ, చిక్కుడు గింజలే, అందులోనూ పంది మాంసం ఉండటం మామూలు. జున్ను నింపిన ష్ట్రుక్లి నిశ్చింతగా తినొచ్చు. మోహాంత్ అని అక్కడి జున్నుంది, వాసన ఘాటు. కొనేముందు కొంచెం రుచి చూడండి, అమ్మగారు అటువైపు చూడకపోవచ్చు.

ముఖ్యమైనది ఇంకోటి. స్లొవేనియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. పాలు, పెరుగు, రొట్టె, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. బియ్యం, పప్పు, కారం ఇంటినుంచే పట్టుకెళ్లండి. సెప్టెంబరులో అక్కడ వాన కూడా బాగానే పడుతుంది, గొడుగులతో పాటు రాత్రికి స్వెటర్లూ ఉండాలి. అదే నెలలో ఉకాంత్స్‌లో ఆవుల పండగ జరుగుతుంది, కొండ మేతల నుంచి మందలు దిగొచ్చే సందర్భం. చూడ్డానికి బాగుంటుంది కానీ ఊరంతా జనమే. తేదీ చూసి, మీకు ప్రశాంతతే కావాలంటే ఆ వారం తప్పించి బుక్ చేసుకోండి.