డ్రైవ్‌వే మీద ఇంజిన్ ఆయిల్ మరక: యాసిడ్ పోయవచ్చా?

ఫ్రిస్కో నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈ వేసవిలోనే హనుమకొండ నుంచి డాలస్ వచ్చాం. అద్దె ఇల్లు, పాత కారు. కారు నిలిపే చోట కాంక్రీటు మీద పళ్ళెమంత నల్లటి మరక పడింది, చుట్టూ చిన్న చిన్న చుక్కలు. ఇంటి యజమాని కూడా తెలుగువారే, మర్యాదస్తులే. కానీ మొన్న వచ్చినప్పుడు మాతో మాట్లాడినంతసేపూ ఆయన చూపు ఆ మరక మీదే ఉంది. నాన్నగారికి ఫోనులో చెబితే, బాత్‌రూముకు వాడే యాసిడ్ పోసి రెండు బకెట్ల నీళ్ళు కొట్టమన్నారు. ఇక్కడి దుకాణంలో మ్యూరియాటిక్ యాసిడ్ దొరుకుతోంది. కొనమంటారా? డిపాజిట్‌లో ఎంత కోస్తారోనని మా ఆవిడకు బెంగగా ఉంది.

ప్లేనో నుంచి:

బాబూ, ఆ సీసాను దుకాణంలోనే ఉండనివ్వండి. నాన్నగారు చెప్పింది అక్కడి బాత్‌రూముకు సరైన మాటే. అక్కడ గచ్చు మీద పేరుకునేది ఉప్పునీళ్ళ గార. గారను యాసిడ్ కరిగిస్తుంది. నూనెను మాత్రం ఏమీ చేయలేదు. అది తినేది కాంక్రీటులోని సిమెంటును. పైపొర పోయి లోపలి ఇసుక తేలుతుంది, మరక ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు డిపాజిట్ కోతకు ఒకటికి రెండు కారణాలు అవుతాయి.

బకెట్ నీళ్ళూ వద్దు. వాకిలి కడిగి పెరిగిన వాళ్ళం కాబట్టి ఏ మురికి కనిపించినా చెయ్యి ముందు బకెట్ మీదకే పోతుంది. కాంక్రీటు గట్టిగా కనిపిస్తుంది గానీ దాని నిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలే. ఆయిల్‌ను అవి లోపలికి లాక్కుంటాయి. పైన మిగిలిన ఆయిల్ నీళ్ళ మీద తేలి పక్కకు పాకుతుంది. పళ్ళెమంత మరక చాటంత అవుతుంది. నీళ్ళు ఈ పనిలో చివరి మెట్టు.

అసలు మొదటి పని మరకతో కాదు, కారుతో. రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరచి, పొద్దున చూడండి. ఇంజిన్ కింద గోధుమరంగు లేదా నల్లటి చుక్కలు పడితే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే చాలావరకు ట్రాన్స్‌మిషన్ ఆయిల్, లేదా పవర్ స్టీరింగ్‌ది. ఆకుపచ్చగానో నారింజ రంగులోనో జారుడుగా ఉంటే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. అందులో సాధారణంగా ఇథిలిన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. పిల్లలున్న ఇల్లయితే దాన్ని ఒక్క పూట కూడా అలా వదలకండి. రంగూ వాసనా లేని నీళ్ళయితే ఏసీ నుంచి కారినవే, భయం లేదు.

ఇంజిన్ ఆయిలే అయితే డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే కడ్డీ, తీసి మట్టం చూసుకోండి. తక్కువైతే ముందు పోయండి, తరువాత మెకానిక్ దగ్గరకు. డ్రెయిన్ ప్లగ్ వదులుగా ఉండటం, ఆయిల్ ఫిల్టర్ సరిగా బిగించకపోవడం, పాతబడ్డ గాస్కెట్, ఈ మూడే ఎక్కువగా కనిపిస్తాయి. మొదటి రెండూ చిన్న ఖర్చే. కారడం ఆగనిదే తోమితే బ్రష్షు అరుగుతుంది తప్ప లాభం లేదు. ఈలోగా కింద అట్టో పళ్ళెమో ఉంచండి.

ఇక మరక. తడిగా ఉన్న చుక్కల మీద క్యాట్ లిటర్, అంటే పిల్లులు పెంచేవారు వాడే మట్టి గుళికలు, మందంగా చల్లండి. గడ్డకట్టే రకం కాదు, అన్నిటికన్నా చవకైన మామూలు మట్టి రకం. చెప్పుకాలితో నలిపి పొడి చేస్తే బాగా పీలుస్తుంది. రాత్రంతా ఉంచి పొద్దున చీపురుతో ఎత్తి సంచిలో కట్టండి. గుడ్డతో మాత్రం తుడవకండి, మరక పాకుతుంది.

తరువాత డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే ద్రవం. గిన్నెలు తోమే ద్రవం చిన్న చుక్కలకు చాలు. పెద్ద మరకకు ఆటో విడిభాగాల దుకాణంలో దొరికే క్షార గుణం ఉన్న డీగ్రీజర్ కావాలి. కొన్నిటిలో కాస్టిక్ సోడా ఉంటుంది కాబట్టి చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. కారును దూరంగా పెట్టండి, పెయింటు పాడవుతుంది. ఇది టెక్సాస్ ఎండ, మధ్యాహ్నం పోస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరితే పనిచేయదు. పొద్దున్నే నీడ ఉండగా పోసి, డబ్బా మీద చెప్పినంతసేపు తడి ఆరకుండా ఉంచి, గట్టి నైలాన్ బ్రష్షుతో తోమండి. ఇనుప తీగల బ్రష్షు వద్దు. దాని ముక్కలు రంధ్రాల్లో ఇరుక్కుని వానలకు తుప్పు చుక్కలు వేస్తాయి.

అప్పటికీ లోపల నలుపు మిగిలితే పట్టు వేయాలి. తలనొప్పికి నుదుటిన శొంఠి పట్టు వేసినట్టే. పొడి చేసిన ఆ మట్టి గుళికల్లోనే అసిటోన్ అనే ద్రావకం కలిపి, ముద్ద చేసి, పొడిగా ఉన్న మరక మీద అర అంగుళం మందాన పరచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులకు టేపు అంటించండి. అసిటోన్ లోపలి ఆయిల్‌ను కరిగిస్తుంది, మట్టి దాన్ని పైకి పీలుస్తుంది. ఒక రోజు ఉంచి గీకి తీయండి. పాత మరకకు రెండో పట్టు కూడా అవసరం కావచ్చు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని ఆరుబయటే. గరాజులో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే సీసా మూత కూడా అక్కడ తీయకండి. పెట్రోలుతో కడగమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

ఇర్వింగ్ నుంచి:

అన్నయ్యగారు ఇంజిన్ సంగతి చెప్పారు. మన ఇళ్ళలో ఇంకో రకం మరక ఉంటుంది తమ్ముడూ, నువ్వూ ముందుగా తెలుసుకో. ఇంట్లో నూనె వాసన పడుతుందని సంక్రాంతికి చెగోడీలు, అరిసెలు బయట పొయ్యి పెట్టి డ్రైవ్‌వే మీదే వండుతాం. కార్తీక మాసంలో గుమ్మం ముందు ప్రమిదలు. తెల్లారేసరికి గుండ్రటి నూనె మచ్చలు. ఇది వంటనూనె కాబట్టి చాకలి సోడాకు లొంగుతుంది. వేడి నీళ్ళలో సోడా చిక్కగా కలిపి పోస్తే నూనెలో కొంత సబ్బుగా మారిపోయి బ్రష్షుకు వచ్చేస్తుంది. ఇంజిన్ ఆయిల్ అలా సబ్బు కాదు, అందుకే దానికి అంత తంటా. రోజులు గడిచేకొద్దీ వంటనూనె బంకలా గట్టిపడుతుంది, కాబట్టి పండుగ మర్నాడే చూసుకో. పొయ్యి కింద అట్ట, ప్రమిద కింద చిన్న పళ్ళెం పెడితే ఈ పనే ఉండదు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

ఇది చదివే మా వైపు వారికి ఒక హెచ్చరిక. ఇక్కడ చాలా ఇళ్ళకు ఉన్నది నల్లటి తారు డ్రైవ్‌వే. దాని మీద అసిటోన్, టర్పెంటైన్ వంటివి వాడితే మరకతో పాటు తారు కూడా కరుగుతుంది. మట్టి గుళికలు, సబ్బు నీళ్ళ దగ్గరే ఆగండి.

ఫ్రిస్కో, కొత్త సభ్యుడు:

చాలా కృతజ్ఞతలు. మా సహోద్యోగి ప్రెషర్ వాషర్, అంటే నీళ్ళను బలంగా చిమ్మే యంత్రం, అద్దెకు తెమ్మంటున్నారు. దానితో ఒక్క గంటలో పోతుందట. ఇంకో సందేహం: కడిగిన నీళ్ళు వీధి కాలువలోకి పోనివ్వవచ్చా?

ఆస్టిన్ నుంచి:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. పోనివ్వకూడదు. ఇంట్లోని సింకు నీళ్ళు శుద్ధి కేంద్రానికి వెళతాయి. వీధి అంచున కనిపించే వాననీటి కాలువ ఏ శుద్ధీ లేకుండా వాగుల్లోకి, చెరువుల్లోకి పోతుంది. ఒక్క కారులోంచి తీసిన పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఇలాంటి వాటిని అదుపు చేయడానికే 1972లో స్వచ్ఛజల చట్టం తెచ్చారు. దాని కింద నగరాలు పెట్టుకున్న నియమాల ప్రకారం జరిమానాలు కూడా ఉంటాయి. వాలు చివర ఇంకొన్ని మట్టి గుళికలు అడ్డుకట్టలా పోసి, చేరిన నురుగును అందులోనే పీల్పించి ఎత్తేయండి. మీరే ఆయిల్ మార్చుకుంటే పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి ఆటో విడిభాగాల దుకాణానికి తీసుకువెళ్ళండి, చాలా చోట్ల ఉచితంగా తీసుకుంటారు.

డిపాజిట్ సంగతి కూడా. టెక్సాస్ చట్టం ప్రకారం మీరు ఖాళీ చేసిన 30 రోజుల్లోగా యజమాని డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోసిన దానికి లెక్క రాసి చూపాలి. కానీ మీ కొత్త చిరునామాను మీరు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు. అయితే కారు కార్చిన ఆయిల్‌ను ఆ లెక్కలో వేయమని వాదించి గెలవడం కష్టం, తోమడమే సులువు. ఇల్లు చేరేటప్పుడు తీసిన ఫోటోలుంటే వెతికి పెట్టుకోండి. ఇంకో మాట, హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, ఉన్న కాలనీలో మరక గురించి ఉత్తరం వస్తే అది యజమానికే వెళుతుంది. ఆయన అటువైపు చూడటానికి కారణం అదే కావచ్చు. అడగకముందే ‘ఈ నెలలో శుభ్రం చేస్తున్నాం’ అని మీరే ఒక సందేశం పంపండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ప్లేనో నుంచి:

ప్రెషర్ వాషర్ చెడ్డదేమీ కాదు, దాని వంతు రాకముందే తేవడం తప్పు. పట్టు, డీగ్రీజర్ అయిపోయాక కడగడానికి పనికొస్తుంది. ఎర్ర నాజిల్ ముట్టవద్దు, అది సున్నా డిగ్రీల ధార, కాంక్రీటు మీద గీతలు కోస్తుంది. ఆకుపచ్చ నాజిల్, అంటే 25 డిగ్రీల వెడల్పు ధార పెట్టి, ఒక అడుగు దూరం నుంచి, ఒకేచోట నిలపకుండా కదుపుతూ కొట్టండి.

ఇంకో చిక్కు కూడా ముందే చెప్పాలి. మరక ఉన్నచోటు ఒక్కటే కడిగితే అది చుట్టుపక్కల కన్నా తెల్లబడి మరింతగా కనిపిస్తుంది. కాబట్టి రెండు గీతల మధ్య ఉన్న పలక మొత్తం కడగండి. అది ఆరాక కాసిని నీళ్ళు చిలకరించి చూడండి. నీరు ముత్యాల్లా నిలబడితే లోపల ఇంకా ఆయిల్ ఉందని లెక్క. అంతటా ఒకేలా ఇంకి కాంక్రీటు ముదురు రంగుకు తిరిగితే పని అయినట్టే. ఏళ్ళ తరబడి ఇంకిన మరక పూర్తిగా పోకపోవచ్చు. మీది కొత్తదే కాబట్టి చాలావరకు పోతుంది. మీద సీలర్, అంటే రంధ్రాలు మూసే పూత, వేయాలనిపిస్తే యజమానిని అడగకుండా వేయకండి.

గట్టి నైలాన్ బ్రష్షు, పొడవు కర్రతో సహా, మా గరాజులో ఉంది. సగం సంచీ మట్టి కూడా మిగిలింది. శనివారం పొద్దున పదింటి లోపు వచ్చి తీసుకువెళ్ళండి, కాఫీ తాగి వెళుదురు గాని. కారు మాత్రం వీధిలోనే ఆపండి.