అంబాసిడర్‌లో కరెంటు మొత్తం పోతే వైరింగ్ అంతా మార్చాల్సిందేనా?

కొత్తపేట అంబాసిడర్:
నాన్నగారి మార్క్ 2 బండి. రావులపాలెంలో ఆపి, టీ తాగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ లేదు, హారన్ లేదు, లైట్లు లేవు, ఇగ్నిషన్ లైటు కూడా వెలగలేదు. ఎలక్ట్రీషియన్ చూసి, వైరింగ్ అంతా పీకి కొత్తది వేయాలన్నారు. అవసరమేనాండి?

రాజోలు:
వేయించేయండి. మన కోనసీమ ఉప్పుగాలికి రాగి ఆగదు. ఎక్కడైనా వైరు తొక్క ఒలిచి చూడండి, లోపల నల్లగా పొడి రాలుతుంది. పైగా ఆ బళ్లలో ఫ్యూజులు రెండే, హెడ్‌లైట్లకి ఫ్యూజే లేదు. షార్టయితే బండే తగలబడుతుంది.

భీమవరం:
రాజోలు గారూ, వైర్ల వయసు గురించి మీ మాట నిజం. ఈ బండికొచ్చిన జబ్బు మాత్రం అది కాదు. ముసలి వైరింగ్ ఇవాళ హారన్, రేపు ఇండికేటర్ అన్నట్టు విడివిడిగా పోతుంది. అన్నీ ఒక్కసారే పోయాయంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటే తెగింది. అవి వేళ్ల మీద లెక్కపెట్టేవే: బ్యాటరీ టెర్మినళ్లు, బ్యాటరీ నుంచి వచ్చే ఎర్తు కేబుల్ బాడీకి బిగించిన చోటు, సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) దగ్గర మొదలయ్యే గోధుమరంగు వైరు.
సాలినాయిడ్‌కి రబ్బరు బొత్తం ఉంటే, గేరు న్యూట్రల్‌లో పెట్టి దాన్ని నొక్కండి. ఇంజిన్ తిరిగితే బ్యాటరీ, లావు కేబుళ్లు బాగున్నట్టే, ఇక గోధుమరంగు వైరు వెంట వెళ్లండి. తిరగకపోతే బ్యాటరీ వైపే చూడాలి.

కొత్తపేట అంబాసిడర్:
బొత్తం నొక్కినా ఉలుకూ పలుకూ లేదండి. కానీ మీటరు పెడితే బ్యాటరీ 12.6 చూపిస్తోంది.

భీమవరం:
అక్కడే చాలామంది బోల్తా పడతారు. లోడు లేనప్పుడు, అంటే లైట్లలాంటివేవీ కరెంటు లాగనప్పుడు, వెంట్రుకంత పోగు తగిలినా మీటరు నిండుగానే చూపిస్తుంది. హెడ్‌లైట్ స్విచ్ వేసి ఉంచి, మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ ముక్కు మీద (క్లాంపు మీద కాదు), రెండోది బాడీ మీద తుప్పు గీకిన చోట పెట్టండి. అర వోల్టు దాటకూడదు. 12 దగ్గర్లో చూపితే ఎర్తు తెగినట్టే.

కొత్తపేట అంబాసిడర్:
11.8! ఎర్తు కేబుల్ బోల్టు విప్పితే వాషరు కింద పచ్చటి చిలుము, కేబుల్ దాని కొసన ఉండే లోహపు లగ్గులోంచి ఊడి చేతికొచ్చింది. కొత్త కేబుల్ వేసి, బాడీ మీద పెయింటు గీకి బిగించాను. అన్నీ వచ్చాయండి.

రాజోలు:
సంతోషం. అయినా వైరింగ్ మార్చమనే అంటాను.

భీమవరం:
మార్చొచ్చండి, ఫ్యూజులు, రిలేలు పెట్టించి మరీ మార్చమంటాను. కానీ ఏం పోయిందో తెలియకుండా మార్చేవాడు అదే చిలుము పట్టిన బోల్టుకి కొత్త వైరింగ్ తగిలిస్తాడు. డబ్బూ పోతుంది, బండీ కదలదు. కొత్తపేట గారూ, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు పట్టీ కూడా ఈ వారమే చూడండి. అది తెగితే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్లోంచి పోయి, అది కాలిపోతుంది.