చరిత్ర మన వెనక ఉందా, మనలోనే ఉందా?

ప్రశ్న: తాతగారి పాత ఉత్తరం దొరికింది. మడతల దగ్గర చిరిగి, సిరా సగం వెలిసిపోయింది. చదువుతుంటే ఆయన కాలం అర్థమవుతోందా, లేక నా ఆలోచనలే అందులోకి దూరుస్తున్నానా? రెండు రోజులుగా ఇదే ఆలోచన.

జవాబు 1: గతాన్ని ఉన్నదున్నట్టు చూడలేమండీ. జర్మన్ తత్వవేత్త గాడమర్ 1960లో చెప్పింది ఇదే, మన ముందస్తు అభిప్రాయాలు లేకపోతే అసలు అర్థం చేసుకోవడమే మొదలవదు. మీ తాతగారి చూపు, మీ చూపు కలిసే చోటే అర్థం పుడుతుంది.

జవాబు 2: మరో జర్మన్ తత్వవేత్త నీషే 1874లోనే ఇంకో హెచ్చరిక చేశాడు. గతాన్ని కొందరు ఆదర్శంగా కొలుస్తారు, కొందరు భద్రంగా దాచుకుంటారు, కొందరు నిలదీస్తారు, మూడూ అవసరమే కానీ ఏది మితిమీరినా బతుక్కి చేటే. నాకైతే నిలదీయడమే కష్టం, మనవాళ్లనైతే మరీను.

అడిగినవారు: నిజమే. ఉత్తరంలో ఒక మాట నచ్చక దాటేసి చదివాను. మళ్ళీ అక్కడి నుంచే చదువుతా.