బ్యాండ్లు వేసి రక్తం ఆగాక మళ్లీ ఎండోస్కోపీ అవసరమా?

ప్రశ్న (గాజువాక నుంచి):
మా నాన్నగారికి 58 ఏళ్లు. కాలేయ సిరోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) అని రెండేళ్ల క్రితమే తేలింది. గత నెల ఒక రాత్రి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూనే రక్తం కక్కుకున్నారు. అంతకు రెండు రోజుల ముందు నుంచే విరేచనం తారులా నల్లగా అవుతోందని ఆయన చెబితే, ఐరన్ మాత్రల వల్లనేమో అనుకుని ఊరుకున్నాము. ఆసుపత్రిలో ఎండోస్కోపీ గొట్టం లోపలికి పంపి, అన్నవాహికలో ఉబ్బిన సిరలకు నాలుగు బ్యాండ్లు (రబ్బరు ఉంగరాలు) వేసి, ఐదు రోజులు ఉంచుకుని, మూడు వారాలకు మళ్లీ రమ్మన్నారు. రక్తం ఆగిపోయింది కదా, ఇక ఆ గొట్టం మింగనని ఆయన పట్టుబడుతున్నారు. బీపీ లేని మనిషికి కార్వెడిలాల్ ఎందుకు రాశారో కూడా మాకు అర్థం కాలేదు.

సమాధానం 1 (గ్యాస్ట్రో వైద్యుడు, ఎంవీపీ కాలనీ):
మీ నాన్నగారికి ఆగింది రక్తస్రావమే గాని, దానికి కారణమైన ఒత్తిడి కాదు. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడితే, పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వచ్చే రక్తానికి దారి ఇరుకై, అది అన్నవాహిక అడుగున ఉన్న సన్నని సిరల మీదుగా మళ్లుతుంది. అవి ఉబ్బి, పలచబడి, ఒకనాడు చిట్లుతాయి. ఎండోస్కోపు కొనకు తొడిగిన టోపీలోకి ఆ ఉబ్బును పీల్చి, దాని మొదట్లో చిన్న రబ్బరు ఉంగరం జారవిడుస్తాము. బిగిసిన భాగం రక్తం అందక కొద్దిరోజుల్లో రాలిపోతుంది, అక్కడ పడిన పుండు మచ్చగా మానుతుంది. ఒక విడతలో అన్ని సిరలూ మూసుకుపోవు కనుక, అవి కనబడకుండా పోయేదాకా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేస్తాము. ఒకసారి చిట్లినవారికి ఏ నివారణా చేయకపోతే, ఒకటి రెండేళ్లలో నూటికి 60 మందికి మళ్లీ రక్తస్రావం అవుతుంది.

కార్వెడిలాల్ ఇచ్చింది బీపీకి కాదు, పోర్టల్ సిరలోని ఒత్తిడి తగ్గించడానికి. బ్యాండ్లు, మాత్ర రెండూ కలిస్తేనే రక్షణ ఎక్కువ. పై బీపీ 90 కంటే తగ్గితే మాత్రం వెంటనే మీ వైద్యునికి చెప్పండి. మీ అంతట మీరు మానేయకండి.

సమాధానం 2 (నర్సీపట్నం నుంచి):
మా అత్తగారికి మొదటి విడత అయిన తొమ్మిదో రోజున విరేచనం నల్లబడింది. తెల్లవారాక చూద్దామని ఆగడం మా పొరపాటు. విశాఖ చేరేసరికి ఆవిడ లేచి నిలబడలేకపోయారు. బ్యాండు రాలిన చోట పుండు నుంచి రక్తం కారుతోందన్నారు. ఆ తరువాత రెండు వారాలు మెత్తటి పెరుగన్నం, చల్లార్చిన జావతోనే గడిపాము, జంతికల డబ్బా అటక మీదికి ఎక్కించేశాను. రెండో విడతలో రెండు బ్యాండ్లే వేశారు, మూడోసారికి వేయడానికి సిర మిగల్లేదు. గొట్టమంటే భయపడే ఆవిడకు గొంతులో మందు కొట్టి, కాస్త మత్తు ఇచ్చి చేశారని నాన్నగారికి చెప్పండి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వచ్చే సోమవారానికి నాన్నగారు ఒప్పుకున్నారు. పక్క మంచం ఆయనకు బ్యాండ్లు కాక జిగురు ఎక్కించారన్నారు, అది వేరే జబ్బా? మరొకటి, నాన్నగారు మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటారు.

సమాధానం 1:
జబ్బు అదే, చోటు వేరు. జీర్ణాశయం పైభాగంలో ఉబ్బిన సిరలు పెద్దవి, వాటి మీద బ్యాండు నిలవదు. అందుకని సయనోఅక్రిలేట్ అనే జిగురును సూదితో ఎక్కించి మూసేస్తాము.

డైక్లోఫెనాక్ ఈరోజే ఆపించండి. అది రక్తస్రావాన్ని పెంచుతుంది, సిరోసిస్ ఉన్నవారి మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. నొప్పికి పారాసెటమాల్, అదీ రోజుకు 2 గ్రాములు దాటకుండా, సోమవారం మీ వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టండి.