విధవరాలి రెండు కాసులు దేనారంలో ఎన్నో వంతు?

ప్రశ్న (పర్లాకిమిడి)
అందరికీ వందనాలు. సండేస్కూల్ గోడకి బైబిల్ నాణేల పట్టిక రాయాలి. దేనారానికి (రోమా వెండి నాణెం) 16 కాసులని ఒకచోట ఉంది. ఆ లెక్కన విధవరాలి రెండు కాసులు 8వ వంతు అవుతాయి. ఇంకో పట్టికలో 64వ వంతని ఉంది. ఏది వెయ్యాలి? పిల్లల కోసం రూపాయల్లో కూడా చూపించాలి.

జవాబు (గుణుపురం)
64వ వంతే. మన పాత తెలుగు బైబిల్లో మూడు వేరు వేరు నాణేలకి కాసు అనే ఉంది, చిక్కంతా అక్కడే. పిచ్చుకల ధరగా చెప్పిన కాసు (మత్తయి 10:29) ఆస్ అనే రోమా నాణెం, దేనారంలో 16వ వంతు. మత్తయి 5:26లో "కడపటి కాసు" క్వాడ్రాన్స్, ఆస్‌లో పావు. మార్కు 12:42లో విధవరాలు వేసినవి లెప్టాన్లు, ఒక్కోటి క్వాడ్రాన్స్‌లో సగం. కాబట్టి దేనారానికి 128 లెప్టాన్లు. లూకా 12:59లో కడపటి కాసు మాత్రం లెప్టానే, అది కలిపేయకండి.

దేనారం అంటే ఆనాటి ఒక దినకూలి. రూపాయల్లోకి మార్చడానికి ఆ దినకూలి 512 అనుకోండి. 128తో తెగుతుంది, పైసలు మిగలవు. లెప్టాన్ 4, క్వాడ్రాన్స్ 8, ఆస్ 32. పైకి వెళ్తే మినా (100 దేనారాలు) 51,200, తలాంతు (6,000 దేనారాలు) 30 లక్షల 72 వేలు. మత్తయి 18లో దాసుడి బాకీ పదివేల తలాంతులు, అంటే 3,072 కోట్లు. తోటి దాసుడు వాడికి ఇవ్వాల్సింది 100 దేనారాలు, అంటే 51,200. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే ఇంకేం చెప్పక్కర్లేదు.

జవాబు (రాయగడ)
ఇంట్లో పెద్దవాళ్లకైతే పాత అణాల లెక్కలో (రూపాయికి 16 అణాలు) చెప్పండి, అచ్చంగా సరిపోతుంది. దేనారం రూపాయి. మధ్యలో ఇంకో రెండు రోమా నాణేలున్నాయి: సెస్టర్షియస్ పావలా, డుపాండియస్ బేడ (రెండణాలు). ఆస్ అణా, క్వాడ్రాన్స్ ఒక కానీ (పావు అణా), లెప్టాన్ అర కానీ. లెప్టాన్‌ని దమ్మిడీ అనకండి. అణాకి 12 దమ్మిడీలు కాబట్టి లెప్టాన్ ఒకటిన్నర దమ్మిడీ అవుతుంది.

వెండి ధరతో లెక్క కట్టొద్దు. అగస్టస్ కాలపు దేనారం సుమారు 3.9 గ్రాములు, నీరో క్రీ.శ. 64 ప్రాంతంలో 3.4కి దించాడు. ఆ తూకంతో వచ్చే విలువ వేరు, కూలితో వచ్చేది వేరు. ఒకే పట్టికలో రెండూ పెడితే ఏదీ పొసగదు. దేనారానికి 10 ఆస్‌లని ఎక్కడైనా కనిపిస్తే అది క్రీ.పూ. 141 ప్రాంతానికి ముందటి సంగతి.

ప్రశ్న (పర్లాకిమిడి)
మరి యేసుని పట్టిచ్చినందుకు యూదాకిచ్చిన ముప్పై వెండి నాణేలు?

జవాబు (గుణుపురం)
అవి తూరు పట్టణపు వెండి నాణేలైన షెకెళ్లు అనుకుంటే షెకెలుకి 4 దేనారాలు, మొత్తం 120. మీ పట్టికలో 61,440 రూపాయలు. పేతురు చేప నోట్లో దొరికింది కూడా ఒక షెకెలే. మనిషికి అరషెకెలు ఆలయపు పన్ను, ఇద్దరికి సరిపోయింది.