చూలు పిల్లికి ఆపరేషన్ చేయించొచ్చా? సాయంత్రంలోగా చెప్పాలి

మల్లెపందిరి (మల్కాజిగిరి), ఉదయం 11:20
మా సందులో ఐదు పిల్లులున్నాయి, మూడు ఆడవి. రెండేళ్లుగా అన్నం పెడుతున్నాను. అందరం చందాలు వేసుకుని ఒక్కొక్కదానికే ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, మళ్లీ ఇదే సందులో వదలాలనుకున్నాం. నిన్న రాత్రి బోనులో ఎండుచేప పెట్టి మచ్చలదాన్ని పట్టాం. పొద్దున ఆసుపత్రిలో దించి వచ్చాక డాక్టరు గారు ఫోన్ చేశారు. చూలుతో ఉందట. స్కానింగులో నాలుగు కనిపించాయట, సుమారు నెల. గర్భసంచి తీసేయమంటారా, వెనక్కి తీసుకెళ్తారా అని అడుగుతున్నారు. "కడుపుతో ఉన్న ప్రాణి జోలికి పోవద్దు" అంటున్నారు మా అత్తయ్య. నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు. చేయించినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

తులసికోట (విశాఖ), 11:48
వద్దండీ. చూలు పిల్లి అటకెక్కితే మా అమ్మ పాలు పోసేది, ఒక్కనాడూ తరమలేదు. తొమ్మిది వారాల్లో పిల్లలు పెట్టేస్తుంది, సగం రోజులు గడిచిపోయాయి కూడా. కాన్పయ్యేదాకా ఆగి, పిల్లలు పాలు మానాక చేయించండి. ఆపరేషన్‌కి నేనేమీ వ్యతిరేకం కాదు, ఇప్పుడొద్దంటున్నానంతే.

బస్తీఅన్న (వారాసిగూడ), మధ్యాహ్నం 12:15
అక్కా, పోయినేడు నేను గట్లనే ఆగిన. చూలుతోని ఉందని బోనుల నుంచి ఇడిచిపెట్టిన. ఐదు కూనలు పెట్టింది. పిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పుతదంటరు గదా, మూడిల్లు కాకముందే ఒకటి ఆటో కింద పడ్డది. వానలు మొదలైనంక వాంతులు, విరేచనాలు పట్టుకున్నయ్, నాలుగు రోజులల్ల మూడు పోయినయ్. ఒక్కటి బతికింది, దానికి ఒక కన్ను లేదు. తల్లిని మళ్ల పడదామంటే బోను చూస్తనే ఉరుకుతది. కూనకు పాలిస్తుండంగనే మళ్ల చూలైంది. నేను జాలిపడే ఇడిచిన. ఆ కూనలను నా చేతులతోనే పూడ్చిన.

పశువైద్యురాలు, 12:50
వీధిపిల్లుల ఆపరేషన్లు చేస్తుంటాను. బస్తీఅన్న చెప్పిన లక్షణాలు చూస్తే ప్యాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల అంటుజబ్బు అనిపిస్తోంది. కుక్కల్లో వచ్చే పార్వో కుటుంబానికి చెందిన వైరస్సే. నేల మీద, గోనెల మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు సబ్బుకి చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. అదే మూలలో ఈసారి పుట్టే కూనలకూ ఆ ముప్పు ఉంటుంది. టీకా ఉంది గానీ ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులోనే మొదలుపెడతాం. చాలా కూనలు ఆలోపే పోతాయి. అమెరికాలో నార్త్ కరోలినాలో వీధిపిల్లుల కూనల్ని 169 లెక్కపెట్టి వెంబడి చూస్తే, ఆరు నెలల్లోపే 127 చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగింది. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి.

ఇక ఆపరేషన్ సంగతి. తల్లి పూర్తి మత్తులో ఉండగా గర్భసంచిని ఉన్నదున్నట్టుగా తీస్తాం. చూలులో రక్తనాళాలు లావవుతాయి కాబట్టి రక్తస్రావం ముప్పు మామూలుకంటే ఎక్కువే. అయినా నెల చూలుకి చెయ్యి తిరిగిన డాక్టరు చేయగలరు. నెలలు నిండితే మాత్రం నేను వెనకాడతాను, అప్పుడు తల్లిని గదిలో పెట్టి కాన్పు చేయించడమే మేలంటాను. మధ్యలో ఇంకో దారి, అంటే చూలుతో మళ్లీ సందులోకి వదిలేయడం, నాకు అన్నిటికన్నా క్రూరంగా తోస్తుంది.

తులసికోట, మధ్యాహ్నం 1:30
డాక్టరు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. నూటికి డెబ్బై అయిదు పోతాయి కాబట్టి నూరూ వద్దనుకోవడం ఏం న్యాయం? బతికే ఆ పాతిక మాటేమిటి? మీరే అన్నారు కదా, గదిలో పెట్టొచ్చని. ఇప్పుడే పెట్టొచ్చు కదా.

పశువైద్యురాలు, 2:05
పెట్టొచ్చు. కాన్పుకి ఇంకో నెల, ఆ తర్వాత కూనలకి ఎనిమిది వారాలు. మొత్తం మూడు నెలలు తలుపు మూసిన గది, పిల్లి మలమూత్రాలకి పెట్టే మట్టి తట్ట రోజూ శుభ్రం చేసే మనిషి, టీకాలు, ఆఖరికి నాలుగు ఇళ్లు. అవన్నీ ఉన్నవాళ్లకి నేనే అలా చేయమని చెప్తాను. మల్లెపందిరి గారూ, మీకున్నాయా?

మీ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, తులసికోట గారూ. ఆ నాలుగింటి సంగతి తలిస్తే నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ బోనులో ఉన్నది ఒక తల్లి, దాని ప్రాణం కూడా లెక్కలోకి రావాలి. ఏడాదికి రెండుసార్లు కనడం, గండుపిల్లుల కాట్లు, ఆ కాట్లతో అంటుకునే జబ్బులు.

పిచ్చుకగూడు, 2:20
పక్షుల వైపు నుంచి ఒక్క మాట. మా పెరట్లో పిల్లులు పెరిగాక పిచ్చుక పిల్లలు నేలమీదికి దిగితే మిగలట్లేదు. పిల్లుల్ని చంపమనను, తరమమననూ. సంఖ్య తగ్గాలి. ఆపరేషన్ వైపే నా ఓటు.

మల్లెపందిరి, సాయంత్రం 4:10
మాది రెండు గదుల ఇల్లు, మూడేళ్ల పాప ఉంది. పోయిన రెండు కాన్పుల కూనలకి ఇళ్లు వెతికితే దొరికింది ఒక్కటే. చేయమని చెప్పాను. అత్తయ్య మాట్లాడట్లేదు.

తులసికోట, 4:40
నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు. కానీ ఆ మూడు నెలలు నేను మోయలేను కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. ఖర్చులో కొంత నేనిస్తాను, మిగతా రెండూ చూలు కట్టకముందే పట్టండి.

మల్లెపందిరి, రాత్రి 9:45
అయిపోయింది. పక్కనుంచి చిన్న కోతే, కుట్లు లోపల కరిగిపోతాయట. బాల్కనీలో బోను మీద దుప్పటి కప్పాను. గోడవైపు తిరిగి పడుకుంది, ఇందాక కొంచెం కోడిమాంసం నాకింది. అది ఉడకబెట్టి ఇచ్చింది అత్తయ్యే. నేను మాత్రం ఏడ్చాను.

డాక్టరు గారూ, చిన్నదానికి ఐదు నెలలే. ఒక కాన్పయ్యాకే చేయించాలని అందరూ అంటారు, నిజమేనా?

పశువైద్యురాలు, 10:10
కాదు. నాలుగైదు నెలలకే చేయొచ్చు. ఆరు నెలల్లోపు చేయిస్తే పొదుగు క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గుతుందని 2005లో తేలింది. పిల్లుల్లో పొదుగు గడ్డలు చాలావరకు క్యాన్సరే అవుతాయి.

మల్లెపందిరి, 10:25
అయితే రేపు రాత్రికి ఇంకో బోను కావాలి, ఉన్నది బాల్కనీలో వాడకంలో ఉంది. మల్కాజిగిరి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. చిన్నది నిన్నటినుంచి నేలమీద దొర్లుతూ అరుస్తోంది, గోడమీద అప్పుడే రెండు గండుపిల్లులు చేరాయి.